వాగు పక్క ట్రెయిల్ బాగు చేయించాలి: ఆర్‌టీపీ గ్రాంటుకు ఎలా వెళ్లాలి?

వాగుగట్టు:

నమస్కారం అండి. నార్త్ కరొలైనాలో, మా కౌంటీ పార్కులో వాగు వెంబడి 1.4 మైళ్ల మట్టి ట్రెయిల్ ఉంది. నడిచేవాళ్లు, సైకిళ్ల వాళ్లు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, స్ట్రోలర్లు తోసుకుంటూ వచ్చేవాళ్లు బాగానే వాడతారు. బాట మాత్రం దెబ్బతింది. వివరాలు ఇవీ:

పార్కింగ్ నుంచి వాగు వైపు దిగే మొదటి 300 అడుగులు బాగా ఏటవాలు. ఆ 300 అడుగుల్లోనే 60 అడుగులు దిగుతుంది, వాన వస్తే అదే కాలువ. దాని కింద 1,500 అడుగుల మేర బురద. మధ్యలో 24 అడుగుల చెక్క వంతెన ఒక పక్కకు ఒరిగింది. చివరి 600 అడుగులు పార్కు హద్దు దాటి పక్క కాలనీ హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) స్థలంలోకి పోతుంది.

మాది లాభాపేక్ష లేని సంస్థగా 501(సి)(3) కింద నమోదైన వాలంటీర్ సంఘం. బ్యాంకులో 18,000 డాలర్లు ఉన్నాయి, పిలిస్తే పాతిక మంది వస్తారు. పని మొత్తం లక్ష డాలర్లు అవుతుందని అంచనా. రిక్రియేషనల్ ట్రెయిల్స్ ప్రోగ్రామ్‌కి, అదే ఆర్‌టీపీకి, అప్లై చేయాలని ఉంది. మేమే నేరుగా అప్లై చేయొచ్చా? మ్యాచ్, అంటే మా వంతు వాటా, ఎంత చూపాలి? అప్లికేషన్లు ఎక్కువగా ఎక్కడ దెబ్బతింటాయి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పగలరు.


కృష్ణాతీరం:

వాగుగట్టు గారూ, ఈ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకుంటే సగం సందేహాలు అక్కడే తీరిపోతాయి. 1991 నాటి హైవే చట్టంతో వచ్చిన పథకం ఇది. స్నోమొబైళ్లు, ఏటీవీలు, మట్టిదారి బైకులు, ఆఫ్‌రోడ్ ట్రక్కులు రోడ్డు మీదకు రాకుండానే పెట్రోలు కాలుస్తాయి కదా, ఆ పెట్రోలు మీద వసూలైన పన్నులో కొంత భాగాన్ని హైవే ట్రస్ట్ ఫండ్ నుంచి ట్రెయిళ్లకు తిప్పి ఇస్తున్నారు. ఫెడరల్ హైవే అడ్మినిస్ట్రేషన్ దాన్ని రాష్ట్రాలకు పంచుతుంది: సగం అందరికీ సమానంగా, మిగతా సగం ఆ రాష్ట్రంలో అలాంటి బండ్లు తాగే ఇంధనాన్ని బట్టి. దేశం మొత్తానికి ఏడాదికి సుమారు 8.4 కోట్ల డాలర్లు. పంచుకునేవాళ్లు ఎక్కువ, అందుకే పోటీ గట్టిగా ఉంటుంది. ఇప్పుడు నడుస్తున్న చట్టం 2021లో వచ్చింది, 2026 సెప్టెంబర్ 30తో ముగిసే ఆర్థిక సంవత్సరం వరకు దాని లెక్క.

రాష్ట్రం తన వాటాను మూడు కుప్పలు చేయాలి. 30 శాతం మోటారు బండ్ల ట్రెయిళ్లకు, 30 శాతం మోటారు లేని వాటికి, 40 శాతం ఒకటికి మించి రకాల వాడకం ఉన్న వాటికి. మీ బాట మీద నడకతో పాటు సైకిళ్లకూ అనుమతి ఉంటే ఆ 40 శాతం కుప్పలో పోటీ పడే వీలుంది. పార్కు నియమాల్లో సైకిళ్లకు అనుమతి ఉందని కాగితం మీద ఉండాలి సుమా. ఎవరో తొక్కుతున్నారు కాబట్టి ఉన్నట్టే అంటే కుదరదు.

దేనికి ఇస్తారు: ఉన్న ట్రెయిల్ మరమ్మతు, పునరుద్ధరణ, కొత్త ట్రెయిల్, ట్రెయిల్‌హెడ్ (బాట మొదలయ్యే చోటు) సౌకర్యాలు, పనిముట్లు కొనడం లేదా అద్దెకు తీసుకోవడం, స్థలం లేదా ఈజ్‌మెంట్ (ఇతరుల స్థలాన్ని వాడుకునే చట్టబద్ధమైన హక్కు) కొనుగోలు, వీల్‌చైర్ వెళ్లగలదా లేదా అని బాటను పరిశీలించే సర్వే. దేనికి ఇవ్వరు: బలవంతపు భూసేకరణకు ఇవ్వరు. మోటారు లేని ట్రెయిల్‌లోకి మోటారు బండ్లను తెచ్చే పనికి ఇవ్వరు. ఉత్త ప్లానింగ్ కోసం, అంటే కన్సల్టెంట్ రిపోర్టు కోసం మాత్రమే అడిగితే ఇవ్వరు. ప్లానింగ్‌కి సాయం కావాలంటే నేషనల్ పార్క్ సర్వీస్ వాళ్ల రివర్స్, ట్రెయిల్స్ విభాగం ఉంది. వాళ్లు డబ్బివ్వరు, మనుషుల్ని ఇస్తారు: మ్యాపులు గీయడం, ఊరివాళ్లతో మీటింగులు పెట్టించడం లాంటివి.

ఇక అసలు ఇబ్బంది మీ బ్యాంకు నిల్వ దగ్గర ఉంది. ఆర్‌టీపీ ముందు చేతికిచ్చే డబ్బు కాదు. మీరు ఖర్చు పెట్టి, బిల్లు కట్టినట్టు రుజువు చూపిస్తే అప్పుడు వాపసు ఇస్తారు. వంతెన కాంట్రాక్టరు 40,000 డాలర్ల బిల్లు పంపాడనుకోండి. మీ దగ్గర 18,000 ఉన్నాయి. క్లెయిమ్ పెట్టాలంటే ముందు బిల్లు కట్టాలి, కట్టాలంటే క్లెయిమ్ డబ్బు రావాలి. పని అక్కడే ఆగిపోతుంది. స్వచ్ఛంద సంఘాలను నేరుగా అప్లై చేయనివ్వడమా లేదా అన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. అనుమతించినా సరే, స్థలం కౌంటీది కాబట్టి కౌంటీ పార్క్స్ డిపార్ట్‌మెంటే అప్లికెంట్‌గా ఉండి, మీరు భాగస్వామిగా ఉండటం మంచిది. బిల్లులు కౌంటీ ఖజానా నుంచి పోతాయి, మీ 18,000 మ్యాచ్‌లోకి వెళ్తాయి. ఎవరు ఏం చేస్తారో ఒక ఒప్పంద పత్రం రాసుకుని అప్లికేషన్‌కి జతచేయండి. కౌంటీ బోర్డు తీర్మానం కూడా అడుగుతారు. బోర్డు నెలకు ఒకటి రెండుసార్లే కూర్చుంటుంది, ఎజెండాలో చేరడానికి ముందే కాగితాలు ఇవ్వాలి. గడువు తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రండి.

హెచ్‌ఓఏ స్థలం సంగతి. ప్రైవేటు స్థలంలో ఈ డబ్బు పెట్టాలంటే చట్టంలోనే రెండు షరతులున్నాయి: యజమాని సహకరిస్తానని రాతపూర్వక హామీ, ఆ బాట ప్రజలందరికీ తెరిచి ఉంటుందని చట్టబద్ధమైన ఈజ్‌మెంట్ లేదా ఒప్పందం. "మా కాలనీ వాళ్లకు మాత్రమే" అంటే కుదరదు. హెచ్‌ఓఏ ప్రెసిడెంట్ ఇచ్చే మద్దతు లేఖ ఈజ్‌మెంట్ కిందకు రాదు. చాలా అప్లికేషన్లు సరిగ్గా ఇక్కడే కొట్టుకుపోతాయి.


పద్దులు:

మ్యాచ్ లెక్కలో ఒక తప్పు పదే పదే కనిపిస్తుంది, అది ముందు చెప్తాను. ఫెడరల్ వాటా మామూలుగా 80 శాతం వరకు, మన వాటా 20. ఈ 20 శాతం మొత్తం ప్రాజెక్టు ఖర్చు మీద, గ్రాంటు మీద కాదు. 80,000 గ్రాంటు అడిగి, దాని మీద 20 శాతం అని 16,000 చూపిస్తే మొత్తం 96,000 అవుతుంది, అందులో మన వాటా 16.67 శాతమే. తక్కువ పడింది. చూపాల్సింది 20,000. అంటే గ్రాంటు మీద లెక్కిస్తే 25 శాతం. కొన్ని రాష్ట్రాల హ్యాండ్‌బుక్‌లో "గ్రాంటులో 25 శాతం" అని, కొన్నింట్లో "ప్రాజెక్టులో 20 శాతం" అని ఉంటుంది. రెండూ ఒకటే. కొన్ని రాష్ట్రాలు వేరే నిష్పత్తి పెడతాయి కాబట్టి ఈ ఏటి హ్యాండ్‌బుక్ తెరిచి ఏ అంకె మీద శాతమో చూసుకోండి.

మీ లక్ష డాలర్ల పనికి 20,000 మ్యాచ్. 10,000 నగదు పెట్టి, మిగతా 10,000 వాలంటీర్ గంటల్లో చూపొచ్చు. 25 మంది, రోజుకు 5 గంటలు, 4 శనివారాలు: 500 గంటలు. గంటకు 20 డాలర్లు ఒప్పుకుంటే సరిగ్గా 10,000. గంటకు ఎంత కట్టాలన్నదే తేల్చుకోవాలి. ఇండిపెండెంట్ సెక్టర్ అనే సంస్థ ఏటా జాతీయ సగటు ప్రకటిస్తుంది, 2024కి అది 34.79 డాలర్లు. ఆ రేటు ఒప్పుకుంటే అవే 500 గంటలు 17,395 డాలర్లవుతాయి. కానీ ఫెడరల్ నియమం చెప్పేది అలాంటి పనికి మార్కెట్లో ఇచ్చే కూలి ప్రకారం అని. అందుకే ఏ రేటు వాడాలో గ్రాంటు ఆఫీసరు దగ్గర ఈమెయిల్‌లో రాయించుకోండి. ఎక్కువ రేటు వేసుకుని తర్వాత తగ్గిస్తే ఆ తేడా నగదుగా మీ మీద పడుతుంది.

ఊళ్లో ఉపాధి హామీ పనికి మస్టర్ రోల్ ఉంటుంది కదా, ఇదీ అంతే. వాలంటీర్ షీటులో తేదీ, పేరు, వచ్చిన టైము, వెళ్లిన టైము, చేసిన పని, ఎక్కడ నుంచి ఎక్కడ వరకు, సంతకం, చివర సూపర్‌వైజర్ సంతకం ఉండాలి. "ట్రెయిల్ పని, 5 గంటలు" అని రాస్తే సరిపోదు. "14+00 నుంచి 15+50 వరకు జియోటెక్స్‌టైల్ పరిచి రాయి సర్దడం" అని ఉండాలి (అంటే మొదలు నుంచి 1,400 అడుగుల చోటు నుంచి 1,550 అడుగుల చోటు దాకా; జియోటెక్స్‌టైల్ అంటే మట్టి, రాయి కలవకుండా మధ్యలో పరిచే గుడ్డ). ఇంటి నుంచి వచ్చిన ప్రయాణం, మధ్యాహ్నం భోజనం గంటల్లోకి రావు. షీటు అదే రోజు అక్కడే నింపించండి. నెల తర్వాత జ్ఞాపకం మీద రాసినవి, అన్నీ ఒకే చేతిరాతలో ఉన్నవి ఆడిట్‌లో నిలబడవు. ఎవరైనా మినీ ఎక్స్‌కవేటర్ ఉచితంగా ఇస్తే దాని అద్దె విలువ రాసుకోవచ్చు, కొనుగోలు ధర కాదు. ఒకే గంటను రెండు గ్రాంట్లకు చూపకూడదు.

తేదీలు బాగా గమనించండి. ఒప్పందం మీద సంతకాలై, పని మొదలుపెట్టమని లేఖ వచ్చాక పెట్టిన ఖర్చే చెల్లుతుంది. అవార్డు వచ్చిందని కౌంటీ వెబ్‌సైట్‌లో చూసి రాయి ఆర్డర్ చేస్తే ఆ బిల్లు మీదే. దీనికి ఒక మినహాయింపు ఉంది: ప్లానింగ్, పర్యావరణ పరిశీలనల మీద ప్రాజెక్టు ఆమోదానికి ముందు 18 నెలల లోపు పెట్టిన ఖర్చును మ్యాచ్‌గా చూపడానికి చట్టం ఒప్పుకుంటుంది. మీరు ఇప్పుడు సర్వేయరుకిచ్చే డబ్బు ఇలా పనికొస్తుంది. దానికి రాష్ట్రం ఏ కాగితాలు అడుగుతుందో ముందే కనుక్కోండి.

ఇంకో రెండు. ఫెడరల్ డబ్బు అందుకోవాలంటే ఫెడరల్ ప్రభుత్వ నమోదు వెబ్‌సైట్ శామ్ డాట్ గవ్‌లో సంస్థకు యూఈఐ అనే గుర్తింపు నంబరు ఉండాలి. ఇన్‌కార్పొరేషన్ పత్రాల్లో పేరు, అడ్రసు ఒకలా, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఇంకోలా ఉంటే అక్కడ వారాలు ఆగిపోతుంది. ఇక వంతెన స్టీలు. బై అమెరికా నియమం ఉంది, కరిగించడం దగ్గర నుంచి అమెరికాలోనే జరిగిందని స్టీలు మిల్లు ఇచ్చే సర్టిఫికెట్ కావాలి. కొటేషన్ అడిగేటప్పుడే ఆ మాట రాయండి. సరుకు దిగాక అడిగితే సప్లయర్ చేతులెత్తేస్తాడు.


వాగుగట్టు:

చాలా ఉపయోగపడింది, ఇద్దరికీ ధన్యవాదాలు. హెచ్‌ఓఏ బోర్డుతో మాట్లాడాం. ఈజ్‌మెంట్ అంటే సభ్యుల ఓటింగ్ పెట్టాలన్నారు, ఈ ఏడాది తేలేలా లేదు. ఆ 600 అడుగులు వదిలేస్తే అప్లికేషన్ బలహీనపడుతుందా? ఇంకోటి, బురద దగ్గర రాయి పోసేస్తే సరిపోతుందని మా వాళ్లు అంటున్నారు. ఎంత రాయి పడుతుంది?


ఓరుగల్లు:

రాయి సంగతి నేను చెప్త. ముందుగాల ఒక్క మాట: బురదకు మందు రాయి కాదు, నీళ్లకు దారి చూపుడు. పైనుంచి 300 అడుగుల వాలు నీళ్లను తెచ్చి కింద పోస్తున్నది. దాన్ని అట్లనే ఉంచి కింద కంకర పోస్తే రెండు వానాకాలాల్ల కంకర మట్టిల కలిసిపోతది. అప్లికేషన్ చూసేటోళ్లకు ఇది తెలుసు. "బురద ఉన్నది, రాయి పోస్తం" అని రాసినోళ్లకంటే "నీళ్లు ఇక్కడికెళ్లి వస్తున్నయ్, ఇక్కడ మళ్లిస్తం" అని రాసినోళ్లకు మార్కులు పడతయ్.

300 అడుగులకు 60 అడుగుల దిగుడంటే 20 శాతం వాలు. అది కొండ వాలు ఎటుంటే అటే నిలువుగ దిగుతున్నది. నీళ్లకు పక్కకు పోయే తోవ లేదు, అందుకే బాటే కాలువైతున్నది. అసుంటి దాంట్ల చెక్క వాటర్‌బార్లు (నీళ్లు మళ్లిచ్చెటందుకు బాటకు అడ్డంగ పెట్టే దుంగలు) పెడితే మట్టి, ఆకులు వాటెనక నిండి, నీళ్లు పక్కకెళ్లి కోసుకొని పోతయ్. బాటనే జరపాలె. వాలు 8 శాతానికి దించాలంటే 60 అడుగుల దిగుడుకు 750 అడుగుల పొడవు కావాలె. బాట వాలు కొండ వాలులో సగానికి మించొద్దు, ఇది ట్రెయిల్ పనోళ్లు అందరు పాటించే కొలత. మీ కొండ 20 శాతమైతే సగం 10, మీరు 8 మీద ఉంటరు, సరిపోతది. వాలు కొలిచే క్లినోమీటర్ పట్టుకొని ఇద్దరు మనుషులు పోయి పిన్‌ఫ్లాగులు (చిన్న గుర్తు జెండాలు) పెట్టుకుంట పోవాలె. కంటితోని చూసి గీస్తే 8 అనుకున్నది 13 అయితది.

బాటను కొండల పూర్తిగ తవ్వి కూసోబెట్టాలె. సగం తవ్వి, ఆ మట్టినే అవుతలి అంచుకు పోసి వెడల్పు చేస్తే ఆ పోసిన సగం ఏడాదిల జారుతది. తవ్విన మట్టి కిందికి దూరంగ చల్లాలె, అంచు మీద కుప్ప పెట్టొద్దు. అవుతలి అంచు దిక్కు 5 శాతం వాలు ఇయ్యాలె: 4 అడుగుల వెడల్పు బాటకు లోపలి అంచు కంటే అవుతలి అంచు దగ్గర దగ్గర 2.4 ఇంచులు కింద ఉండాలె. 4 అడుగుల లెవెల్ పట్టె పెట్టి, కింది అంచు దగ్గర టేపుతోని కొలిస్తే తెలుస్తది. 30 నుంచి 50 అడుగులకొకసారి బాట కొంచెం పైకెక్కి మళ్ల దిగాలె. ఆ పల్లం దగ్గర నీళ్లు బయటికి దుంకుతయ్. ఈ ఎక్కుడు దిగుడులు పొడవు తింటయ్, కాబట్టి 750 కాదు, 850 నుంచి 900 అడుగులు రాసుకోండ్రి.

పాత 300 అడుగులు మూసే పని కూడా బడ్జెట్‌ల పెట్టుండ్రి, చానమంది మర్చిపోతరు. గట్టిపడ్డ మట్టిని లూజు చేసి, అడ్డంగ దుంగలు సగం పూడ్చి, రెండు కొసలల్ల కంటికి కనబడేంత దూరం కొమ్మలు, మొక్కలు పెట్టాలె. లేకుంటే జనం దగ్గరి దారి అని అటే దిగుతరు, నీళ్లు కూడా అటే దిగుతయ్.

ఇగ రాయి లెక్క. 1,500 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, 4 ఇంచుల మందం: 2,500 ఘనపుటడుగులు, అంటే 92.6 క్యూబిక్ యార్డులు. యార్డుకు దాదాపు 1.4 టన్నులు అనుకుంటే 130 టన్నులు. కూరితే అణుగుతది కాబట్టి 20 శాతం కలిపి 155 టన్నులు రాసుకోండ్రి. పొడితోని కలిసున్న పలుకు రాయి కావాలె, ఇక్కడ క్రషర్ రన్ అంటరు, మన దగ్గర కంకర, క్రషర్ డస్ట్ కలిపినట్టుంటది. గుండ్రటి బఠానీ రాళ్లు తేవొద్దు, అవి ఒకదాన్నొకటి పట్టుకోవు, స్ట్రోలర్ చక్రం దిగబడతది. ఎర్ర బంకమట్టి మీద సీదా పోయొద్దు, నడుమ జియోటెక్స్‌టైల్ గుడ్డ పరవాలె. నడుమ కొంచెం ఎత్తుగ, రెండు దిక్కులకు 2 నుంచి 3 శాతం వాలు పెట్టి, రాయి తడి మీదున్నప్పుడు ప్లేట్ కంపాక్టర్‌తోని కొట్టాలె. పొడిగ ఉంటే ఎంత కొట్టినా పట్టదు. లారీ యాడ దాకా వస్తదో చూసుకోండ్రి. 155 టన్నులు పార్కింగ్‌ల దించి బండితోని మోసుడంటే వాలంటీర్ గంటలన్నీ మోతకే పోతయ్. ట్రాక్‌లున్న చిన్న డంపర్ కిరాయి పెట్టుకోండ్రి.

వాగు పొంగి ఏటా మునిగే తావు ఉంటే మాత్రం అక్కడ క్రషర్ రన్ వద్దు. ఒక్క వరదకు కడుక్కపోతది. బాటను ఎత్తుకు జరుపుండ్రి. జాగ లేకపోతే బోర్డ్‌వాక్, అంటే చెక్క పలకల బాట. ట్రీటెడ్ కట్టెకు మామూలు జింకు పూత మేకులు పనికిరావు, కట్టెలున్న రాగి మందు వాటిని తింటది. హాట్ డిప్ గాల్వనైజ్డ్ లేదా స్టెయిన్‌లెస్ వాడాలె.


తూర్పుకనుమ:

ఓరుగల్లు గారు చెప్పినదానికి ఒక చేర్పు. 8 శాతం వాలు బాగానే ఉంది, కానీ వీల్‌చైర్ వెళ్లేలా ఉందని అప్లికేషన్‌లో రాయాలనుకుంటే మధ్యలో ఆగే చోట్లు కావాలి. ఫెడరల్ స్థలాల ట్రెయిళ్లకు 2013లో వచ్చిన కొలతలు ఇలా ఉన్నాయి: కనీసం 36 అంగుళాల వెడల్పు, మట్టి బాటకు అడ్డవాలు 5 శాతం మించకూడదు, 5 నుంచి 8.33 శాతం వాలుంటే 200 అడుగులకొకసారి కనీసం 60 అంగుళాల పొడవున విశ్రాంతి చోటు. మొత్తం బాటలో 8.33 దాటిన భాగం 30 శాతానికి మించకూడదు. మీది కౌంటీ స్థలం, ఇవి నేరుగా వర్తించవు. అయినా రాష్ట్రాలు వీటినే కొలబద్దగా చూస్తాయి. మీ దిగుడులో నాలుగు చోట్ల చదును పెడితే చాలు. అడ్డవాలు 5 మీదే ఉంది కాబట్టి తవ్వేటప్పుడు 6 అయితే కొలత తప్పినట్టే. తవ్వకం రోజునే స్మార్ట్ లెవెల్‌తో చూసుకోండి.

ఇప్పుడు అనుమతులు. ఇలాంటి పనులు నీపా అనే ఫెడరల్ పర్యావరణ చట్టం కింద సాధారణంగా కేటగారికల్ ఎక్స్‌క్లూజన్ అనే మినహాయింపుతో పోతాయి, పెద్ద నివేదిక అక్కర్లేదు. కానీ ఎక్స్‌క్లూజన్ రావాలన్నా రాష్ట్ర చారిత్రక పరిరక్షణ ఆఫీసు, ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ అభిప్రాయాలు ఫైల్లో ఉండాలి. కొత్తగా తవ్వే 900 అడుగులు ఇదివరకు ఎవరూ కదపని నేల, అందుకే పురావస్తు సర్వే అడగొచ్చు. వాగు దగ్గర తడి నేలలో మట్టి పోయాలంటే క్లీన్ వాటర్ చట్టం 404 సెక్షన్ కింద ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ అనుమతి కావాలి. వంతెన ఫెమా (ఫెడరల్ విపత్తుల సంస్థ) మ్యాపులో ఫ్లడ్‌వే, అంటే వరద పారే దారి, లోపల ఉంటే వరద మట్టం పెరగదని ఇంజనీరు ఇచ్చే నో రైజ్ సర్టిఫికెట్ కావాలి. దీనికి హైడ్రాలిక్ మోడల్ చేయాలి, ఖర్చుతో కూడింది. వంతెన అడుగుభాగం ఎంత ఎత్తులో ఉండాలో, గట్టు నుంచి పునాది దూరం ముందే తేలాలి కాబట్టి దీన్ని ఆఖరుకు వదలకండి. ఆ వంతెనకు ఒక చివర మాత్రమే ఉక్కు తాడు కట్టించండి. పెద్ద వరదలో లేచినా కిందకు కొట్టుకుపోయి రోడ్డు కల్వర్టుకు అడ్డం పడకుండా గట్టు పక్కకు తిరుగుతుంది.

చెట్ల నరికివేత దగ్గర చాలా షెడ్యూళ్లు తారుమారవుతాయి. నార్తర్న్ లాంగ్ ఇయర్డ్ బ్యాట్ అనే గబ్బిలాన్ని 2022 నవంబర్లో అంతరించే ముప్పున్న జాబితాలోకి మార్చారు, 2023 మార్చి 31 నుంచి అమలు. ఇవి వేసవిలో చెట్ల బెరడు కింద ఉంటాయి. మీ చోటు వాటి పరిధిలోకి వస్తే వెచ్చటి నెలల్లో చెట్లు కొట్టనివ్వరు. వచ్చేదీ రానిదీ ఐపాక్ అనే వెబ్‌సైట్‌లో మీ ప్రాజెక్టు హద్దు గీస్తే తెలుస్తుంది, ఉచితమే. ఒప్పందం మే నెలలో వచ్చి, చెట్లు కొట్టడానికి చలికాలం దాకా ఆగాల్సి వస్తే ఆ నెలలన్నీ మీ గ్రాంటు గడువులోంచే పోతాయి. దిగుడు భాగాన్ని చిన్న చెట్ల మధ్యగా గీస్తే ఈ సమస్య చాలావరకు తప్పుతుంది.

అప్లికేషన్‌కి జతచేసే వాటిలో అన్నిటికన్నా పని చేసేది స్టేషన్ లాగ్. కొలిచే చక్రం తోసుకుంటూ 100 అడుగులకొక ఫోటో, సమస్య ఉన్నచోట ఇంకోటి, పక్కన ఒక వరుస. ఇలా:

"14+50. బాట వెడల్పు 11 అడుగులు (మొదట 4). జనం బురద తప్పించుకుని ఎడమకు తొక్కడంతో వెడల్పైంది. గుచ్చిన కర్ర 7 అంగుళాలు దిగింది. నీరు కుడి పక్క ఊట నుంచి. చేయాల్సింది: 14+35 దగ్గర రాతి తూము, 14+20 నుంచి 15+60 వరకు గుడ్డ, 4 అంగుళాల రాయి."

14+50 అంటే మొదలు నుంచి 1,450 అడుగులు. ఇలాంటి నాలుగు పేజీలుంటే బడ్జెట్‌లో ప్రతి అంకె ఎక్కడి నుంచి వచ్చిందో రివ్యూవర్‌కి కనిపిస్తుంది. "రాయి, 1 లంప్‌సమ్" అని రాసిన బడ్జెట్‌ను ఎవరూ నమ్మరు. ఫోటోలు వాన వెలిసిన మర్నాడు తీయండి. ఎండలో తీసిన ఫోటోలో బురద కనపడదు.


కృష్ణాతీరం:

హెచ్‌ఓఏ 600 అడుగుల గురించి: వదిలేయండి, భయపడనక్కర్లేదు. పార్కు లోపలి భాగం దానంతటదే పనికొచ్చేలా, అంటే పార్కింగ్ నుంచి వంతెన దాటి ఒక చోటికి చేరి తిరిగి వచ్చేలా ఉంటే అది సంపూర్ణమైన ప్రాజెక్టే. హెచ్‌ఓఏ భాగం రెండో దశ అని మ్యాపులో చుక్కల గీతతో చూపండి. ఈజ్‌మెంట్ తేలని ముక్కను కలిపితే దాని వల్ల మొత్తం ఆగుతుంది.

ఓరుగల్లు గారి లెక్క ప్రకారం దిగుడు 900 అడుగులైతే మీ లక్ష అంచనా మళ్లీ వేయండి. డబ్బు సరిపోకపోతే వంతెనను వేరే దఫాకు పెట్టి, దిగుడు, బురద ఈసారి అడగడం సబబు. నీళ్ల సంగతి తేలకుండా కొత్త వంతెన కడితే వంతెన రెండు చివర్లా మట్టి కుంగిపోతుంది.


వాగుగట్టు:

అర్థమైందండి. ఈసారి దిగుడు, బురద, వంతెన వచ్చే దఫా. ఆఖరుగా, తర్వాత మెయింటెనెన్స్ ఎవరు, ఎలా అన్నది అప్లికేషన్‌లో ఎంత వివరంగా రాయాలి? ఎల్‌డబ్ల్యూసీఎఫ్ (ల్యాండ్ అండ్ వాటర్ కన్జర్వేషన్ ఫండ్) అని ఇంకోటి ఉందంటున్నారు, అది దీనికన్నా నయమా?


పద్దులు:

ఎల్‌డబ్ల్యూసీఎఫ్ 1964 చట్టంతో వచ్చింది, 2020లో చట్టం మార్చి ఏడాదికి 90 కోట్ల డాలర్లు శాశ్వతంగా కేటాయించారు. డబ్బు ఎక్కువే, కానీ మ్యాచ్ 50 శాతం. పైగా ఆ డబ్బు పడిన పార్కు స్థలం శాశ్వతంగా ప్రజల ఆరుబయటి వినోదానికే ఉండాలి. రేపు కౌంటీ అక్కడ నీళ్ల ట్యాంకు కట్టాలన్నా, బదులుగా అంత విలువైన స్థలం చూపి ఫెడరల్ అనుమతి తెచ్చుకోవాలి. కొత్త పార్కు స్థలం కొనడానికి అది బాగుంటుంది. మీ బాట మరమ్మతుకు ఆర్‌టీపీనే సరి.

మెయింటెనెన్స్ ఒక పేజీ రాయండి, మనుషులు, నెలలు, డాలర్లతో. ఎన్నేళ్లు నిర్వహించాలన్నది ఒప్పందంలో ఉంటుంది, సంతకానికి ముందు కౌంటీ లాయరు చేత చదివించండి. మామూలు ఊడ్పు, గడ్డికోత ఖర్చులు గ్రాంటులో పెట్టకండి, అవి మీవి. ఒక బ్రష్ మోవరో, ప్లేట్ కంపాక్టరో కావాలంటే మాత్రం పనిముట్ల కింద అడగొచ్చు. ఎవరి దగ్గర ఉంటుందో, ఎవరు ఇన్సూరెన్స్ కడతారో రాయాలి.


ఓరుగల్లు:

ఆ పేజీల ఇవి పెట్టుండ్రి. పని అయినంక మొదటి పెద్ద వాన పడంగనే, వాన పడుతున్నప్పుడే గొడుగు పట్టుకొని ఇద్దరు నడవాలె. నీళ్లు యాడ ఆగుతున్నయో అప్పుడే కనబడతది. అక్కడ జెండా పాతి, తెల్లారి పల్లాన్ని ఇంకో రెండు ఇంచులు తవ్వాలె. నవంబర్, డిసెంబర్ల ఆకు రాలినంక పల్లాల మూతులు తీయాలె, ఆకులతోనే నీళ్లు ఆగుతయ్. ఏడాదికోసారి అవుతలి అంచున పేరుకున్న మట్టి కట్టను మెక్‌లాడ్‌తోని (ఒక దిక్కు వెడల్పు పార, ఇంకో దిక్కు పళ్లుండే పనిముట్టు) గీకి కిందికి తొయ్యాలె. నడిచేటోళ్ల కాళ్లకు బాట నడుమ గుంతపడి అంచు ఎత్తైతది, అప్పుడు ఆ 5 శాతం వాలు పనిచెయ్యదు. 900 అడుగుల మీద ఆ గీకుడు ఎనిమిది మందికి ఒక పొద్దుటి పని. రాయి కూడా 10 టన్నులు ఎక్కువ తెప్పించి పార్కు షెడ్డు పక్కన టార్ప్ కప్పి ఉంచుండ్రి. ఒక్క తావు కడుక్కపోతే లారీ పిలిచే పని లేకుంట ఆ వారమే పూడ్చొచ్చు.